నాకు రెండు నీడలు చూపించిన మేడం

మా మేడం ఇక లేరని పోయిన మంగళవారం పొద్దున ఆఫీసు గ్రూపులో చూశాను. వెంటనే నమ్మలేదు. ఆమె దగ్గర అబ్బిన అలవాటు: ఏ కబురైనా ఇంకోచోట సరిచూసుకోవాలి. మూసాపేటలోని వాళ్లింటికి ఫోన్ చేశాను. వాళ్లమ్మాయి ఏడుస్తూ ఎత్తింది. ఇక సరిచూసుకోవడానికి ఏమీ మిగల్లేదు.

సైబరాబాద్‌లో సోలార్ వేడినీళ్ల ఏర్పాట్లు డిజైన్ చేసే చిన్న ఆఫీసు మాది. ఎండను కొలిచే సాధనం లేని చోట, చుట్టుపక్కల వాతావరణ కేంద్రాల అంకెల నుంచి అంచనా కట్టడం మేడం పని. కేంద్రాన్ని కళ్లతో చూడకుండా దాని అంకె ఒక్కటీ తీసుకునేవారు కాదు. "కంప్యూటర్ల ఎండ తగల్తదా?" అని నవ్వుతూ, టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని బయల్దేరేవారు.

ఒకసారి నార్సింగి దాటాక ఉన్న బాలికల హాస్టల్ పని వచ్చింది. ఎండను ఎక్కువగా అంచనా వేస్తే పైన పెట్టే సోలార్ పలకలు తగ్గుతాయి. ముసురు రోజుల్లో పిల్లలకు మళ్లీ చన్నీళ్లే. అన్నింటికన్నా దగ్గరి కేంద్రం ఐటీ కారిడార్‌లో ఒక మేడ మీద ఉంది. దాని మధ్యాహ్నపు అంకెలు నాకు ఎక్కువనిపించాయి. అలాంటప్పుడు నేను ముందు నన్నే అనుమానిస్తాను.

"నేనే ఎక్కడో పొరబడి ఉంటానండి," అన్నాను నసుగుతూ.

"ఉంటే ఉంటవ్. పోయి చూద్దాం పద."

మధ్యాహ్నం మూడు గంటల ఎండలో ఆ మేడ మీద నిలబడ్డాం. "జర కిందికి చూడు," అన్నారు. నా కాళ్ల దగ్గర రెండు నీడలు! ఒకటి సూర్యుడి వల్ల. రెండోది, తూర్పున కొత్తగా లేచిన అద్దాల భవనం తిప్పికొట్టిన ఎండ వల్ల. సాధనం ఆ ఎండను కూడా కలిపేసుకుంటోంది.

ఆ కేంద్రాన్ని వదిలేశాం. శేరిలింగంపల్లి వైపు ఒకటి, ఔటర్ రింగు రోడ్డు అవతల ఒకటి, ఖాళీ మైదానాల్లో ఉన్న రెండు కేంద్రాలు తీసుకుని, హాస్టల్‌కు ఏది ఎంత దూరమో చూసి లెక్క కట్టాం. మా ఆఫీసు మేనేజరు గొణిగాడు.

"దగ్గరిది ఇడిసిపెట్టి దూరపువి ఏంది మేడం? పలకలు పెరుగుతయ్. హాస్టల్ కమిటీకి నేనేం చెప్పాలె?"

"ఆ అద్దాల బిల్డింగును గూడ తీస్కపోయి హాస్టల్ పక్కన పెట్టు. అప్పుడు నీ లెక్కే వాడ్త."

కమిటీ ముందు మేడం నన్నే మాట్లాడమన్నారు. "అనుమానం నీకొచ్చింది. జవాబు గూడ నువ్వే చెప్పు." రెండు నీడల సంగతి చెప్పాను. కమిటీ వాళ్లు ఒప్పుకున్నారు. ఆనాటి నుంచి ఎవరు ఏ అంకె తెచ్చినా, "ముందుగాల ఆమెకు చూపియ్యి. ఊకెనే నమ్మదు," అని నన్ను చూపించేవారు మేడం. నేను పిరికితనం అనుకున్న నా అనుమానం ఆమె నోట నాకు గౌరవం అయింది. ఆమె శిష్యురాలినని చెప్పుకోవడానికి మాత్రం నేనెన్నడూ తటపటాయించలేదు.

అంత్యక్రియల నాడే ముసురు పట్టింది. మర్నాడు పొద్దున, మేడం పోయిన సంగతి హాస్టల్ వార్డెన్‌కు స్వయంగా చెప్పాలని వెళ్లాను. ఆమె నన్ను వరండాలోకి తీసుకెళ్లింది. "నిన్నటి సంది ఎండ మొఖం లేదమ్మా. నీళ్లు మస్తు కాగలే గానీ, చలి అయితే ఇరిగింది, గోరెచ్చగున్నయ్," అంది.

వరండాలో పిల్లలు స్నానాలు చేసి బడికి తయారవుతున్నారు. బయట సన్నగా వాన. విప్పుకున్న తడి జుట్ల మీంచి పల్చగా ఆవిరి లేస్తోంది.