ఒకే సంచిలో రెండు స్పాంజీలు

బస్సు టైరు పేలి రోడ్డు పక్కన చతికిలబడింది. అందరం దిగాం, ఒక్కాయన తప్ప. ఆయన మోకాళ్ల మధ్య మూతపెట్టిన ప్లాస్టిక్ డ్రమ్ము ఉంది. అందులోంచి ఉప్పూ కుళ్లిన వెల్లుల్లీ కలిసినట్టు కంపు.

"ఏం చచ్చిందయ్యా అందులో?" అన్నాడు కండక్టరు ముక్కు మూసుకుని.

"ఇంకా చావలేదు."

"అయితే చచ్చేలోపు కిందికి దించు."

అలా ఆ డ్రమ్ము, ఆయనా, ఆయన భార్యా బస్సు నీడలో నా పక్కకి చేరారు. "పెద్దవారు, మీరైనా చెప్పండి బాబాయ్ గారూ," అంటూ ఆవిడ నన్ను మధ్యవర్తిని చేసేసింది. ఏ రోడ్డెక్కినా నెరిసిన జుట్టుకి తప్పని ఉద్యోగం ఇదొకటి.

ఆయన సముద్రంలో మునిగి స్పాంజీలు కోసుకొచ్చే మనిషి. అందరూ మునకాయన అంటారట. డ్రమ్ములో ఉన్నది నల్లస్పాంజి. స్పాంజి అంటే మొక్క అనుకునేవాళ్లని చాలామందిని చూశాను. కాదు, జంతువే. కాళ్లు లేవు, పళ్లు లేవు, అతుక్కున్న చోటే బతుకంతా. చేప కొరకబోయినా, పక్కది మీదికి పాకొచ్చినా దానికున్న దిక్కల్లా ఒంట్లో విషమే. కొన్నిటిలో ఆ విషం వండేది స్పాంజి కూడా కాదు, దాని ఒంట్లో కాపురమున్న సూక్ష్మజీవులు. అద్దెకున్నవాళ్లే ఇంటికి కాపలా అన్నమాట. ఆ విషాల్లో మందులు వెతికేవాళ్లున్నారు. అలాంటి ఒక మేడంకి మునకాయన, జుట్టు నల్లగా ఉన్నప్పటినుంచీ, స్పాంజీలు తెచ్చిస్తున్నాడు.

మేడం పెట్టిన మొదటి నియమం: ఒక్కో స్పాంజికి ఒక్కో సంచి, నీళ్లలో ఉండగానే మూతి కట్టెయ్యాలి. ఒకరోజు అడుగున ఒక్క సంచే మిగిలింది. ప్రవాహం లాగేస్తోంది. బండ మీద పసుపుదీ నల్లదీ ఒకదాన్నొకటి పెనవేసుకుని ఉన్నాయి. రెండిటినీ కలిపి కోసి అందులోనే కుక్కాడు. పైకొచ్చేసరికి నల్లది నలిగి జిగురు కారుతోంది. దాన్ని నీళ్లలోకే విసిరేసి, పసుపుదాన్ని కడిగి మేడంకిచ్చాడు.

"కడిగితే పోతుందనుకున్నాను," అన్నాడు నాతో.

పోలేదు. ఆ పసుపుదాని రసం గాజుపళ్లెంలో క్యాన్సర్ కణాల్ని ఊడ్చిపారేసింది. మేడం రేవు దాకా వచ్చి, "అన్నయ్యా, అంతా నీ చేతి చలవ," అంది. ఇది నల్లదాని జిగురు పనేమోనని అనుమానం అప్పుడే వచ్చింది మునకాయనకి. ఆ మాటతోనే నోటికి తాళమూ పడింది.

మళ్లీ పసుపుది కావాలంది. తెచ్చాడు. పస లేదు. ఇంకా తెచ్చాడు. లోతు మారిందేమో అంది, కాలం మారిందేమో అంది, చివరికి తన పనిలోనే పొరపాటుందని మొత్తం తిరగతోడింది. ఆవిడ అడిగిన కొద్దీ ఈయన కోస్తూనే పోయాడు, బండ బోడిగుండు అయ్యేదాకా.

"ఇప్పుడా పని మూసేస్తున్నారట," అంది భార్య. "ఆవిడ ఫోన్లో ఏడ్చింది బాబాయ్ గారూ. అన్నయ్యని ఊరికే కష్టపెట్టాను, ఏమనుకోవద్దని చెప్పు వదినా అంది. ఈయన పక్కనే గుడ్లప్పగించి వింటున్నాడు."

"అందుకేగా నల్లది పట్టుకెళ్తున్నాను."

"పట్టుకెళ్లి ఏమంటావు?"

"కొత్తది దొరికింది, ఇది కూడా చూడండి మేడం అంటాను. పని నిలబడుతుంది. చాలదా?"

"చాలదు. ఆవిడ జన్మంతా తప్పు తనదేననుకుంటుంది. నువ్వు మళ్లీ చేతి చలవ అనిపించుకుంటావు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టుంది నీ యవ్వారం."

ఆయన మూత కాస్త ఎత్తి చూసి, మళ్లీ నొక్కాడు.

"నిజం చెబితే ఏమవుతుందని నీ భయం?" అన్నాను.

"అన్నయ్యా అనడం మానేస్తుంది."

టైరు మారింది. నాకు తొందరేం లేదు గనక వాళ్లతోపాటే దిగి, డ్రమ్ముకి ఒక పక్క చెయ్యి వేశాను. పరిశోధనశాల వెనక గుమ్మంలోకి మేడం చేతికి తొడుగులతోనే వచ్చింది. డ్రమ్ములోకి తొంగిచూసింది. అలిసిన మొహం ఒక్కసారి తేటపడింది.

"కొత్తదా అన్నయ్యా?"

భార్య గోడ వైపు చూసింది. మునకాయన చేతిలోని మూత కింద పెట్టాడు.

"కాదు మేడం. మొదటిసారి పసుపుదాన్ని ఇలాంటి నల్లదానితో కలిపి ఒకే సంచిలో తెచ్చాను. దీని జిగురే దానికి అంటుకుని ఉంటుంది. మీ పొరపాటేం లేదు. నాకప్పుడే అనిపించింది."

మేడం తొడుగులు ఒక్కో వేలే లాగి విప్పింది.

"బండ మీద పసుపువి ఇంకేమైనా మిగిలాయా?"

"లేవు. అన్నీ నేనే కోశాను."

ఆవిడ వంగి డ్రమ్ము ఎత్తుకుంది. "లోపలికొచ్చి కూర్చో వదినా," అంది. ఆయన్ని అన్నయ్యా అని పిలవలేదు. పొమ్మనీ అనలేదు, ఉండమనీ అనలేదు.

మునకాయన తడిచేతులు చొక్కాకి తుడుచుకుని మెట్లు దిగాడు.

"ఏమయ్యా, ఆగు, వెళ్లొస్తానని ఒక్క మాట…" అంది భార్య.

ఆయన తిరగలేదు. గేటు దాటి, బస్సు ఆగే వైపు కాకుండా, రెండో వైపుకి, ఎటు పోతున్నాడో చూసుకోకుండా నడుచుకుంటూ పోయాడు.