సరోజినిగారి అనుమానం

మొన్న మా డాక్టరు క్లినిక్‌లో నర్సు నా వేలికి క్లిప్పు తగిలించింది. లోపలి రబ్బరు చల్లగా, కాస్త జిగటగా తగిలింది. పక్కనున్న తెరమీద వెంటనే ఒక అంకె వెలిగింది. "పర్ఫెక్ట్" అంది నర్సు. నాకు మాత్రం అంత త్వరగా ఎలా వచ్చిందా అనిపించింది. అది నా గుండె వేగమేనా, లేక నాకంటే ముందు ఈ కుర్చీలో కూర్చున్నవాళ్లదా? ఈ అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది కాదు, సరోజినిగారి దగ్గర అబ్బింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను కర్నూలు నుంచి వచ్చి, ఇంగ్లండులో కేంబ్రిడ్జ్ శివార్లలో ఒక చిన్న కంపెనీలో చేరాను. ఆసుపత్రి మంచాల పక్కన పెట్టే మానిటర్లు తయారుచేసేవాళ్లం. సరోజినిగారు మా టీమ్ లీడ్. మచిలీపట్నం మనిషి, నాకంటే చాలా ముందే ఈ దేశం వచ్చారు. మొదటిరోజు మేడమ్ అన్నాను. "ఇక్కడ మేడమ్ అంటే నవ్వుతారమ్మా, పేరు పెట్టి పిలు" అన్నారు. నాకు నోరు రాక, సరోజినిగారూ అనడం దగ్గర ఆగిపోయాను. ఆవిడ ఎవరి మాటా ఊరికే నమ్మేవారు కాదు. క్యాంటీన్‌లో వెజిటేరియన్ అని రాసి ఉన్న శాండ్‌విచ్‌ని కూడా విప్పి చూసేవారు. ప్రోగ్రాము టెస్టు పాసైందని చెబితే, "పాసైందని నీకెవరు చెప్పారు?" అనేవారు. టెస్టే చెప్పిందండీ అంటే, "ఆ టెస్టు అసలు నడిచిందని ఎవరు చెప్పారు?" అనేవారు. ఆవిడతో లంచ్‌కి వెళ్లడానికి చాలామంది జంకేవాళ్లు.

మా పని డ్రైవర్లు రాయడం. కంప్యూటర్‌కూ దానికి తగిలించిన వేలి క్లిప్పులాంటి పరికరానికీ మధ్య మాటలు మోసే ప్రోగ్రామే డ్రైవర్. పరికరాన్ని ఏదడిగినా జవాబుతోపాటు అడిగిన పని జరిగిందో లేదో తెలిపే సంకేతం కూడా వస్తుంది. దాన్ని చూడకుండా ముందుకు పోతే, పని జరగకపోయినా జరిగినట్టే ప్రోగ్రాము నడుస్తూ ఉంటుంది. ఎక్కడా ఏమీ ఆగదు. అదే భయం.

ఒకరోజు కార్డిఫ్‌లోని ఒక ఆసుపత్రి నుంచి గ్వెన్ అనే నర్సు ఫోన్ చేసింది. పేషెంటును స్నానానికి తీసుకెళ్లడానికి క్లిప్పు తీసిందట. తిరిగొచ్చేసరికి మంచం ఖాళీగా ఉన్నా తెరమీద అంకె అలాగే ఉందట. మేం ల్యాబ్‌లో క్లిప్పు ఎన్నిసార్లు తీసినా అంకె పోయి గీతలు వచ్చాయి, అలారం మోగింది. "వార్డు హడావిడిలో ఏదో చూసి ఏదో అనుకుని ఉంటుంది" అని తేల్చేశాడు మా డైరెక్టర్. నాకేమో మార్టిన్ మీద అనుమానం. ఆ డ్రైవరును చూసుకునేది అతనే, పైగా కొన్నాళ్లుగా ఎవరితోనూ మాట్లాడటం లేదు.

టీ పెట్టుకునే చోట సరోజినిగారితో అన్నాను: "మార్టిన్ ఏదో దాస్తాండాడు అనిపిస్తాందండీ."

ఆవిడ కెటిల్ కింద పెట్టారు. "దాస్తున్నాడని నీకెవరు చెప్పారు? మనుషుల్ని అనుమానించడం తేలికమ్మా. అందుకే ఆ అనుమానాన్ని నేను నమ్మను. పద, కోడ్ చూద్దాం."

మార్టిన్ తండ్రికి జబ్బుగా ఉందని తర్వాత తెలిసింది.

"తప్పు ఎప్పుడొస్తుందా అని కూర్చుంటే రాదు. మనమే రప్పిద్దాం" అన్నారావిడ. డ్రైవర్ పరికరాన్ని పలకరించే ప్రతిచోటా, పని జరగలేదన్న దొంగ జవాబు వచ్చేలా మార్చుకుంటూ పోయాం. చాలాచోట్ల తెరమీద గీతలు వచ్చాయి, అలారం మోగింది. లింకు ఒక్క క్షణం తెగితే పరికరాన్ని మళ్లీ మొదలవమని అడిగే చోటు ఒకటుంది. అక్కడ దొంగ జవాబు పెట్టి, లింకు ఒకసారి తెంపి, క్లిప్పు తీసేశాను. అంకె కదల్లేదు. పచ్చగా, నిబ్బరంగా అలాగే ఉంది. క్లిప్పు బల్లమీద పడి ఉంది, ఆ బల్లకే గుండె కొట్టుకుంటున్నట్టు. పరికరం మళ్లీ మొదలవలేదు. మొదలైందో లేదో డ్రైవర్ చూడలేదు. పాత అంకెనే మళ్లీ మళ్లీ చూపిస్తోంది.

సరోజినిగారు కోడ్‌లో ఆ లైను తెరిచి చూశారు. "ఇది మార్టిన్ రాసింది కాదు. మొదట్లో నేను రాసింది" అన్నారు.

"అప్పుడేదో తొందరలో ఉంటారులెండి."

"తొందర కాదమ్మా. ఇది ఫెయిలవదని నమ్మాను."

మర్నాడు మీటింగ్‌లో డైరెక్టర్ ఆ లైను సరిచేసి, తర్వాతి వెర్షన్‌లో చప్పుడు లేకుండా పంపేద్దామన్నాడు. ఎవరికీ ఏమీ కాలేదు కదా అన్నాడు.

"కాలేదని మనకెవరు చెప్పారు? మనం ఎవర్నీ అడగలేదుగా" అన్నారు సరోజినిగారు.

"నీ పేరు బయటికొస్తుంది, తెలుసా?"

"రానీ" అని, ఆ గదిలోంచే కార్డిఫ్‌కి ఫోన్ చేశారు.

తర్వాత ఒక్కో ఆసుపత్రినీ అడిగి, అన్నిచోట్లా మానిటర్లు మార్చాం. ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదని అప్పుడు తెలిసింది. నాటింగ్‌హామ్‌లో ఇంకో నర్సు కూడా అదే చూసిందట, తన కళ్లే మోసం చేశాయేమోనని ఎవరికీ చెప్పలేదట. సరోజినిగారి లీడ్ పదవి పోయింది. అదే ఆఫీసులో ఓ మూల బల్ల దగ్గర రిటైరయ్యేదాకా పనిచేశారు. ఇప్పుడావిడ లేరు.

కార్డిఫ్‌కి ఫోన్ చేసిన సాయంత్రం ఇద్దరం బస్‌స్టాపు దాకా నడిచాం. వాన తుంపర పడుతోంది. ఉండబట్టలేక అడిగాను: "లైను సరిచేసినాం కదండీ. మీరు రాసిందని ఫోన్‌లో చెప్పకపోయినా సరిపోతుండె కదా?"

"ఆ గ్వెన్ తనను తానే అనుమానించుకుంటూ ఉంటుందమ్మా, నిజంగా చూశానా లేదా అని. నువ్వు సరిగ్గానే చూశావు, తప్పు నాది అని ఎవరో ఒకరు చెప్పొద్దూ?" అన్నారు.

ఇప్పుడు నేనూ ఒక టీముకు లీడ్‌ని. నా వెనక నన్ను అనుమానం మనిషి అంటారని తెలుసు. నా కోడ్‌నీ, టెస్టునీ, అంతా బాగుందన్న రిపోర్టునీ నేను నమ్మను. కానీ ఎక్కడినుంచో ఎవరో ఫోన్ చేసి, మా ల్యాబ్‌లో ఎంత ప్రయత్నించినా కనబడనిదేదో చూశామని మొహమాటంగా చెప్పినప్పుడు, ఫైలు తెరవకముందే వాళ్లతో అంటాను: "మీరు చూశారనే నేను నమ్ముతున్నాను. మొదటినుంచీ చెప్పండి."