మస్తాన్ తాత బాగుచేసిన శాసనం

ఇంకా తేరుకోలేదు, అందుకే రాస్తున్నాను.

మా యూనివర్సిటీ ఈ ఏడాదే మధ్యయుగ అధ్యయన కేంద్రం పెట్టింది. తెలుగు, చరిత్ర, ఉర్దూ, భూగర్భశాస్త్ర శాఖలు కలిసి పనిచేయాలట. దానికోసం ఏడు మీటింగులు అయ్యాయి. తెలుగు శాఖ నుంచి నేను, మరో ఇద్దరితో కలిసి ఈ రోజు కంభం దగ్గర ఒక పొలంలో ఉన్న పాత శాసనం చూడ్డానికి వెళ్ళాను. చరిత్ర సారు పరీక్షల డ్యూటీ పడి రాలేదు.

రాయిని చూడగానే దగ్గరికి పరుగెత్తాను. వందల ఏళ్ళనాటి అక్షరాలు నిన్న చెక్కినట్టు తెల్లగా మెరుస్తున్నాయి! ఆ పొలం మస్తాన్ తాతది. మార్కాపురం పలకల గనుల్లో జీవితమంతా రాయి కొట్టిన మనిషి.

"ఆరేళ్ళ కింద మీ చరిత్ర సారు వచ్చినాడమ్మా. అక్షరాలు అరిగిపోయినాయని శానా బాధపడినాడు. మళ్ళీ వచ్చేవాళ్ళకు కష్టం కాకూడదని నేనే ఉలితో లోతుగా తీసినా" అన్నాడు గర్వంగా.

"అసలు కనపడని చోట ఏం చేశావు తాతా?"

"అట్ల బోసిగా ఇడిస్తే ఏం బాగుంటాదమ్మా? పై వరసలోవే మళ్ళీ చెక్కినా."

అక్కడి నుంచే చరిత్ర సారుకు ఫోన్ చేసి, ఏడ్చినంత పని చేశాను. ఆయన తాపీగా అన్నారు: "అప్పుడు కాగితం మీద తీసిన అచ్చు మా బీరువాలో భద్రంగా ఉంది మేడం. మీ శాఖ వాళ్ళెవరూ అడగలేదు కదా!"

ఆ బీరువాకీ నా కుర్చీకీ మధ్య ఒకే ఒక్క గోడ. ఉలి పట్టిన తాతను తిట్టనా, ఆరేళ్ళుగా ఆ గోడకు ఆనుకుని కూర్చున్న నన్ను తిట్టుకోనా? మీరే చెప్పండి.