సీమ దూలాలు

నా పెళ్ళినాటి సీమ సిల్కు చీరను మా ఆయనే పట్టుకుపోయి రాజపాళయం బజారులో మంటలో వేశారు. పరదేశపు గుడ్డలు కాల్చే రోజులవి. చీర పోయినందుకు ఏడుపు వచ్చిన మాట నిజమే కానీ, ఖద్దరు కట్టుకుని జనం మధ్య నిలబడ్డ మనిషిని మేడ మీద నుంచి చూసి మురిసిపోయాను కూడా.

కొన్నేళ్ళకు, ముప్పైల చివర్లో, సేత్తూరు దారిలో వాగు మీద వంతెన కట్టే కాంట్రాక్టు ఆయనకు వచ్చింది. సర్కారు డబ్బుతో కట్టే వంతెన కాబట్టి ఇనుము ఈ దేశంలో చేసిందే వాడాలని జిల్లా బోర్డు వాళ్ళ నిబంధన. ఖద్దరు మనిషి, ఈయనైతే మాట తప్పడని నమ్మే పని ఇచ్చారు. తీరా చూస్తే మన దేశపు ఇనుప దూలాలు ఎంతకీ రాలేదు. తూత్తుకుడిలో ఒక వ్యాపారి దగ్గర ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చిన సీమ దూలాలు పడి ఉన్నాయని తెలిసి, ఆయన గుట్టుగా అవి తెప్పించారు.

దూలాల పక్కన సీమ కంపెనీ పేరు ఉబ్బెత్తు అక్షరాలతో ఉంది. కమ్మరిని పిలిపించి, మా పశువుల కొట్టంలోనే ఆ అక్షరాలు ఉలితో చెక్కించి, పైన ఎర్ర రంగు పూయించారు. ఆ ఠంగు ఠంగు మోత నా వంటింట్లోకి వినబడుతూనే ఉంది. ఇది చేయవచ్చునా అని అడిగాను. వాగు నీళ్ళకు ఏ దేశపు ఇనుమైనా ఒకటేనని, నన్ను వంట చూసుకోమని అన్నారు. మరి నా చీర ఏం పాపం చేసిందని అడగాలనిపించింది. ఆ పూట చారులో ఉప్పు కావాలనే ఎక్కువ వేశాను.

దూలాలు చూడటానికి బోర్డు ఓవర్సీరు వచ్చాడు. బక్కపలచటి కుర్రాడు, మాతో ఎప్పుడూ అరవంలోనే మాట్లాడేవాడు. రంగు కింద గుంటలు పడ్డ చోట వేళ్ళతో తడిమి, ఇదేమిటని అడిగాడట. తుప్పు గీకించామని మా ఆయన చెప్పారు. అతను ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. అతను సరేనంటే తప్ప దూలాలు వంతెన ఎక్కవు. అందుకే భోజనానికి ఇంటికి తీసుకొచ్చారు.

నేనే వడ్డించాను. తరాల కిందట ఈ అరవదేశానికి వచ్చిన తెలుగువాళ్ళం మేము. పైవాళ్ళ ముందు మాలో మేము తెలుగులో మాట్లాడుకోవడం మాకు తలుపు వేసుకోవడం లాంటిది. మా ఆయన తల ఎత్తకుండానే అన్నారు:

"ఏమే, నెయ్యి ఇంకా పొయ్యి. పేరు చెక్కేసినది ఈ అరవాయనకు ఏమి తెలుసును? కడుపు నిండితే కన్ను మూసుకొని పోతాడు."

నేను నవ్వాను. అన్ని రోజులూ ఆయన మీద కోపంతో ఉన్నదాన్ని, పక్కింటివాళ్ళకు కూడా వినబడేలా నవ్వాను. ఆ కుర్రాడు నెయ్యి వద్దని ఆకుకు చెయ్యి అడ్డం పెట్టాడు. మొహమాటమనుకుని ఇంకా బలవంతం చేశాను.

చేతులు కడుక్కున్నాక, మా ఆయన ఆకు వక్క తేవడానికి లోపలికి వెళ్ళారు. ఆ కుర్రాడు నేల చూస్తూ మాట్లాడాడు. తెలుగులో, అచ్చం మా ఇంటి తెలుగులో.

"నెయ్యి చాలునక్కా. మా అమ్మ మంసాపురం ఆడపడుచు. ఆయన అన్నది విననట్లే పోదామని చూసినాను. మీరు కూడా నవ్వినారు, ఇంక నాకు చేత కాలేదు."

ఆకు వక్క తీసుకోకుండానే వెళ్ళిపోయాడు. మంసాపురం మా పక్కనున్న తెలుగువాళ్ళ ఊరే. మా ఆయన ఆకు వక్కతో తిరిగి వచ్చాక జరిగింది చెప్పాను. విని ఆయన నన్నే తిట్టారు, మనిషి ముఖం చూసి తెలుగువాడని కనిపెట్టలేకపోయావా అని.

కాంట్రాక్టు పోయింది. దూలాలు ఎత్తుకుపోయే బండ్లు పట్టపగలు మా వాకిలి ముందు నుంచే వెళ్ళాయి. వీధంతా నిలబడి చూసింది. మా ఆయన బయటికి రాలేదు. తిన్నె మీద కూర్చున్న మా అత్తకు కళ్ళు సరిగా ఆనవు. వీటిని వద్దన్నది ఎవరని అడిగింది. మొన్న భోజనానికి వచ్చినాయనేనని, వాళ్ళ అమ్మది మంసాపురమని చెప్పాను.

"అట్లయితే మనవాడే కదా," అన్నది అత్త. "సరిగా పెట్టినావా?"

నెయ్యి వద్దన్నాడని చెప్పాను.