గాంధీ జయంతి నాటి ఎడె

ఎండుకొబ్బరి చిప్పను మంట మీద నల్లగా కాల్చి, గసగసాలు, లవంగాలు, చెక్క, ధనియాలతో కలిపి నూరుతుంటే లేచే వాసన నన్ను ఇప్పటికీ అడుగు వేయనివ్వదు. బళ్ళారిలో మా అపార్ట్‌మెంటు మెట్లెక్కుతుండగా ఏ ఇంట్లోంచో ఆ వాసన వస్తే, కూరగాయల సంచీతో అక్కడే నిలబడిపోయి చెవులు రిక్కిస్తాను. మాంసం మసాలాకు నోరూరాలి గాని చెవులతో ఏం పని అని మా ఆయన ఎగతాళి చేస్తాడు. ఆయనకేం, మూసిన తలుపు ముందు ఏనాడూ కూర్చోలేదు.

నా చిన్నతనమంతా దోణిమలై ఇనుప గనుల గుట్టల కింద, లారీ డ్రైవర్లూ గనికూలీలూ కాపురముండే లైను ఇళ్ళలో గడిచింది. ఉతికి ఆరేసిన చీర, కుండలో నీళ్ళు, మా అవ్వ తెల్లజుట్టు, దేవుడి పటం మీది అద్దం, అన్నిటి మీదా అదే ఎర్రదుమ్ము. వానాకాలం వస్తే వీధంతా ఎర్రటి బురద; ఎండాకాలం వస్తే తుమ్మితే ఎరుపు. ఆడపిల్లలం బరువైన ఖనిజపు రాళ్ళనే ఏరుకొచ్చి అచ్చనగాయలు ఆడేవాళ్ళం, ఆట అయ్యేసరికి వేళ్ళు నల్లబడి ఇనుము వాసన కొట్టేవి. తెల్లవారుజాము మొదలు లారీలు ఒకదాని వెనక ఒకటి గుట్ట దిగుతూనే ఉండేవి. గూట్లో గిన్నెలు సన్నగా మోగుతుండేవి. ఎదురుగా ఉన్న మనిషితో కూడా గొంతెత్తి మాట్లాడడం మాకు అలవాటు, బయటి ఊళ్ళవాళ్ళు మమ్మల్ని పోట్లాడుకుంటున్నామనుకునేవారు.

ఆ లారీల్లో ఒకటి మా నాయనది, అంటే ఆయన నడిపేది. వారానికొకసారి మాంసం తెచ్చి, అమ్మ నూరుతుంటే పక్కనే కూర్చుని మసాలా వాసన చూసి మరీ తృప్తిపడేవాడు. జొన్నరొట్టె, కూర ముగించాక మూలుగ ఉన్న ఎముకను కంచం అంచుకు కొట్టేవాడు. ఒకసారి కొట్టి, కాస్త ఆగి, వెంటవెంటనే రెండుసార్లు. టక్. టక్ టక్. "లోపల నిద్రపోతాండాది పాపా, లేపాల గదా," అని నా అరచేతిలో మూలుగ రాల్చేవాడు. వంకాయ మాత్రం ముట్టేవాడు కాదు. నాలుక దురద అని, కంచంలో పడ్డ ముక్కను చిటికెన వేలితో అంచుకు నెట్టేసేవాడు. ఒక వేసవిలో కామెర్లు వచ్చి పోయాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు.

పెద్దల అమావాస్యనాడు పోయినవాళ్ళు ఇంటికి భోజనానికి వస్తారని మా వైపు నమ్మకం. వాళ్ళకిష్టమైనవి వండి, వాళ్ళు తిన్న కంచంలోనే అరిటాకు పరిచి వడ్డించి, దీపం పెట్టి, తలుపు దగ్గరికి వేసి ఇంటిల్లిపాదీ బయటికొచ్చేస్తారు. దీన్ని ఎడె పెట్టడం అంటారు. తింటున్నవాళ్ళను చూడకూడదు. కాసేపయ్యాక దగ్గి, తలుపు తట్టి లోపలికి వెళ్ళాలి, మనిషున్న గదిలోకి వెళ్ళినట్టే. మాంసం తినే మనిషి పోతే మొదటి ఎడెలో మాంసం ఉండి తీరాలి. మొదటిసారి ఆకలితో వెళ్ళిపోయినవాళ్ళు మళ్ళీ ఆ గడప తొక్కరని మా అవ్వ అనేది. నాయన వాళ్ళమ్మ ఆమె.

లైనులో పండగలు పంచాంగం ప్రకారం, జీతాలూ సెలవులూ తేదీల ప్రకారం నడిచేవి. అమావాస్య సోమవారం వచ్చిందని అందరికీ తెలుసు. ఆ సోమవారమే గాంధీ జయంతి అని బడిపిల్లలకే తెలుసు, మమ్మల్ని ఎవరడిగారు? పొద్దున్నే టిఫిను డబ్బా పట్టుకుని వెళ్ళిన అమ్మకు మాంసం అంగడి ముందు గోనెపట్టా దించి కనిపించింది. "ఈ పొద్దు కత్తి ముట్టగూడదమ్మా, సర్కారు హుకుం," అన్నాడట అంగడాయన. సరిగ్గా అదే వేళకు నేను బడిలో, బంతిపూల దండ వేసిన గాంధీగారి పటం ముందు, అదే రోజు పుట్టాడని పక్కన పెట్టిన ఇంకో పెద్దాయన పటం ముందు, ఏ ప్రాణికీ హాని చేయనని కుడిచేయి చాపి ప్రమాణం చేస్తున్నాను.

లైనులో అందరిదీ అదే అవస్థ. కానీ వాళ్ళవాళ్ళంతా ఎప్పుడో పోయినవాళ్ళు, ఒక ఏడాది సర్దుకుంటారు. మాదొక్కటే కొత్త ఎడె. అమ్మ కాసేపు వట్టి డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తర్వాత లేచి కొబ్బరి కాల్చింది. మసాలా అంతా మాంసానికి నూరినట్టే నూరి, ఇంట్లో ఉన్న వంకాయలనే మాంసం ముక్కల్లా కోసి ఉడికించింది.

"వాడు వంకాయ ముట్టడు గదే," అంది అవ్వ.

"మసాలాలో తెలీదులే అత్తా," అంది అమ్మ, ఆమె మొహం చూడకుండా.

మిట్టమధ్యాహ్నం తలుపు మూసి ముగ్గురం అరుగు మీద కూర్చున్నాం. ఎండ తెల్లగా ఉంది. ఏదో తేడాగా ఉందనిపించింది గాని ఏమిటో వెంటనే తెలియలేదు. జాతీయ సెలవని లారీలు ఆగిపోయాయి. పుట్టి బుద్ధెరిగాక అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. నా గుండె కొట్టుకోవడం నాకే వినబడి భయమేసింది.

అప్పుడు లోపలినుంచి వచ్చింది. టక్.

అవ్వ నా చేయి పట్టుకుంది. కాస్త ఆగి మళ్ళీ, టక్ టక్.

ఆ కంచంలో ఎముకే లేదు. అవ్వ గబగబా దేవుణ్ణి తలుచుకుంటోంది. అమ్మ మాత్రం తలుపు మీద చెయ్యి ఆనించి, "అడుగుతాండాడు," అంది. నాయన పోయాక ఆమె నవ్వడం నేను చూసింది ఆ రోజే. దగ్గి లోపలికి వెళ్ళేసరికి దీపం నిలకడగా వెలుగుతోంది. రొట్టె, అన్నం పెట్టినట్టే ఉన్నాయి. వంకాయ ముక్కలన్నీ ఆకు అంచున ఉన్నాయి. ఎలుక అని అవ్వ అంది. ఆ మాట ఆమే నమ్మలేదు.

మరుసటి ఏడాది నుంచి ఎడెలో మంచి మూలుగ ఎముకే ఉండేది. చప్పుడు లేదు. కడుపు నిండిందని అవ్వ కుదుటపడింది. అమ్మ దిగాలుపడింది. ఒక ఏడాది ఎముకను కుండలోనే వదిలేసి, మరిచిపోయానంది. ఆ రోజూ ఏమీ వినబడలేదు, బయట లారీలు దిగుతూనే ఉన్నాయి మరి. అప్పటినుంచి కొత్త పంచాంగం వచ్చినప్పుడల్లా, ఆ అమావాస్యా గాంధీ జయంతీ మళ్ళీ ఎప్పుడు కలుస్తాయో చూడమని నన్నడిగేది. దగ్గరికొచ్చిన ఏడాది కూడా ఒక రోజు ముందో, ఒక రోజు వెనకో. కలిసేవి కావు.

అవి మొన్నామధ్య కలిశాయి. లైను ఇళ్ళు ఇప్పుడు లేవు, అవ్వ లేదు, రాళ్ళతో ఆడే ఆడపిల్లలూ లేరు. నాయన కంచం మిగిలింది. మా ఇంట్లోనే ఉంటున్న అమ్మకు చెవులు పూర్తిగా పోయాయి, కాలింగ్ బెల్లు కూడా వినబడదు. ఆ పొద్దున మా అమ్మాయి ఫోనులో అంతర్జాతీయ అహింసా దినం శుభాకాంక్షలు వస్తున్నాయి. నేను ముందురోజే వరసలో నిలబడి తెచ్చిన మాంసం ఫ్రిజ్‌లో ఉంది.

"అది ఎత్తిపెట్టు పాపా," అంది అమ్మ. "ఈ పొద్దు వంకాయ చేస్తా."

ఆమె చెవి దగ్గర అరిచాను. "నాయన ఆకలితో పోడా?"

"పోడు. అడుగుతాడు."

చిన్న గదిలో ఎడె పెట్టి తలుపు మూశాం. నేను ఫ్యాను ఆపాను, ఫ్రిజ్ స్విచ్ తీశాను. ఇద్దరం నేల మీద కూర్చున్నాం. ప్రాణమంతా చెవుల్లో పెట్టుకుని విన్నాను, ఏమీ లేదు. పక్కింటి టీవీలో భజన, కింద ఎక్కడో ఆటో. నలభై ఏళ్ళకు పైగా ఎదురుచూసి, తీరా ఈ రోజుకు ఆమెకు చెవులు లేకుండా పోయాయే అని ఏడుపొచ్చింది. లేచి తలుపు తట్టబోయాను.

అమ్మ నా కొంగు పట్టి ఆపింది. కళ్ళు మూసుకుని ఉంది. మోకాలి మీద ఆమె చూపుడువేలు ఒకసారి కదిలింది. కాస్త ఆగి, వెంటవెంటనే రెండుసార్లు.

"తీయొద్దు పాపా," అంది. "ఇంగా అడుగుతాండాడు."