రాజ్ సార్ ఫోన్ కొలతలు

అమీర్‌పేటలో మొబైల్ టెస్టింగ్ నేర్పే రాజ్ సార్ అసలు పేరు రాజనర్సయ్య. తొమ్మిదేళ్లుగా నేర్పుతున్నాడు. ఏ కంపెనీలోనూ ఒక్కరోజు పని చేయలేదు. ఫోన్ తెర మీద మనిషి వేలు చేసే పనిని, అంటే జరపడం, నొక్కడం, ప్రోగ్రాంతో చేయించి యాప్ సరిగా ఉందో లేదో చూడడం ఆయన సబ్జెక్టు. వేలు తెర మీద ఎక్కడ ఆనాలో చెప్పే అంకెలు ఆయన తన పాత ఫోన్ మీద ఎప్పుడో కొలిచి పెట్టుకున్నవే. వాటితోనే నోట్స్ తయారుచేశాడు. కింద జిరాక్స్ షాపులో రాజ్ సార్ నోట్స్ అంటే చాలు, ఇస్తారు. విద్యార్థులు ఆ అంకెలను ఎక్కాల్లా బట్టీ పడతారు. అవే ఎందుకని అడిగితే, ఇంటర్వ్యూలో అది ఎవరూ అడగరని సార్ జవాబు.

ఆయన దగ్గర నేర్చుకున్న బతూల్ కూడా వాటినే బట్టీ పట్టి, పంజాగుట్టలో ఒక చిన్న కంపెనీలో ఆరు నెలల ప్రొబేషన్ మీద చేరింది. వాళ్లది డాక్టర్ అపాయింట్‌మెంట్ల యాప్. ఐదో నెలలో మేనేజర్ అనుపమ ఒక చిన్న ఫోన్ ఇచ్చి, నోట్స్ అంకెలతో ఆమె రాసిన టెస్ట్‌ను దాని మీద నడపమంది. ‘ఖాయం’ మీద పడాల్సిన నొక్కు ‘రద్దు’ మీద పడింది. కంప్యూటర్ మాత్రం పాస్ అని పచ్చగా చూపింది. అపాయింట్‌మెంట్ చివరికి ఉందో లేదో చూడాలని నోట్స్‌లో లేదు మరి. సోమవారానికి సరిచేయకపోతే ఉద్యోగం ఉండదని అనుపమ మెల్లగానే చెప్పింది.

శనివారం బతూల్ ఆ ఫోన్ తీసుకుని సార్ దగ్గరికి వెళ్లింది. డెమో క్లాసు జరుగుతోంది. కొత్తవాళ్లందరి ముందూ సార్ ఆ ఫోన్ మీద టెస్ట్ నడిపాడు.

“చూసిన్రా, పాస్.”

“అపాయింట్‌మెంట్ రద్దయింది సార్.”

“ఫోన్ చిన్నగున్నది బతూల్. జర పెద్దది ఇయ్యమను మీ మేడంను.”

క్లాసు నవ్వింది.

“పేషెంట్లకు సుత పెద్ద ఫోన్లు కొనుక్కోమని చెప్పాల్నా సార్?”

సార్ బోర్డు తుడవసాగాడు.

ఆదివారమంతా కూర్చుని ఆమె ఆ అంకెలన్నీ తీసేసింది. తెర ఎత్తెంతో ముందు ప్రోగ్రాం చేత ఫోన్‌నే అడిగించి, అందులో ఎన్నో వంతు నుంచి జరపాలో లెక్కగట్టింది. బటన్‌ను చోటును బట్టి కాక పేరును బట్టి వెతికించింది. చివర్లో అపాయింట్‌మెంట్ ఉందో లేదో చూడమని రాసింది. సోమవారం ఆఫీసులో చిన్నదీ పెద్దవీ కలిపి మూడు ఫోన్ల మీద నడిపితే, మూడింటిలోనూ అపాయింట్‌మెంట్ నిలిచింది. ఉద్యోగమూ నిలిచింది.

ఆమె పర్మనెంట్ అయిన వారానికే ఇన్‌స్టిట్యూట్ మెట్ల దగ్గర ఫ్లెక్సీ వెలిసింది. అందులో ఆమె ఫొటో, కింద ‘రాజ్ సార్ శిష్యురాలు’ అని పెద్ద అక్షరాలు. తీసేయమని బతూల్ ఫోన్ చేసింది. ఆయనకు కోపం రాలేదు.

“ఉండనీ బిడ్డా,” అన్నాడు. “ఫొటో మస్తు వచ్చింది.”