గోడ పట్టుకోకుండా

మా వీధిలో పగటిపూట ఎవరూ వాకిలి మూయరు. గుంత మగ్గానికి వెలుతురు ఆ వాకిట్లోంచే రావాలి. అమ్మ గుంతలో కాళ్లు పెట్టుకుని నూలు చీర నేస్తుంటే, అదే గదిలో ఓ మూల నేను ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఏం పని చేస్తావని ఎవరడిగినా ఆన్‌లైన్ పని అని తప్పించుకునేవాణ్ణి. అసలు సంగతి చెప్పుకునేంత గొప్పదేం కాదు. ఎవరో తయారుచేసిన సరుకుకి నేను డబ్బు కట్టి, జనం ఫోన్లలో చూసే రీల్స్ మధ్య ప్రకటన వేయించేవాణ్ణి. నా లింకు నొక్కి ఎవరైనా కొంటే నాకు కమీషన్. సరుకు మంచిదో చెడ్డదో నేను చూసింది లేదు.

ఆ రోజుల్లో నేను ఎత్తుకున్నది మోకాళ్ల నొప్పుల నూనె. కంపెనీవాళ్లు పంపిన ప్రకటనలో ఎవరో తెల్ల దొరసాని సముద్రం ఒడ్డున పరుగెడుతోంది. మా ఎర్రగుంట్ల చుట్టుపక్కల ఆవిడ మోకాళ్ల సంగతి ఎవరికి పట్టింది? ఒక్కరూ నొక్కలేదు. అప్పుడు నాకు తెలివి ఎక్కువైంది. అమ్మ గుంతలోంచి పైకి వస్తుంటే, నవ్వమని చెప్పి ఫోటో తీశాను.

"యాడ పెడతావు నాయనా దీన్ని?" అంది.

"పనికి కావాల్లే మా," అన్నాను.

ఫోటో కింద 'మా అమ్మ ఇప్పుడు గోడ పట్టుకోకుండా లేస్తోంది' అని రాశాను. అమ్మ ఆ నూనె సీసాను కంటితో కూడా చూడలేదు. కడప, కర్నూలు జిల్లాల్లో నేతపని ఉన్న ఊళ్లలో, వయసు పైబడిన ఆడవాళ్లకే కనబడేలా పెట్టాను. ప్రకటన బ్రహ్మాండంగా ఆడింది. నా అంత మొనగాడు లేడనుకున్నాను. ఆ ఊళ్లలో మా ఊరూ ఉందని మాత్రం ఈ మొనగాడికి తట్టలేదు.

ఒక ఉదయం అమ్మ మగ్గానికి కొత్త పడుగు ఎక్కించింది. పాత పోగుల కొసలకు కొత్త పోగుల్ని ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతకాలి. ఆ పనికి ఒకరింటికి ఒకరు పోవడం మా వీధిలో రివాజు. ఎదురింటి అత్త వచ్చి అమ్మ పక్కన కూర్చుంది. ఆమెదీ మగ్గం పనే, ఆమెవీ అరిగిన మోకాళ్లే.

"వదినా, ఫోన్లో నిన్ను చూసినా. ఆ నూనె నేనూ తెప్పిచ్చుకున్నా," అంది అత్త. "నాకేమో తగ్గలే. రుద్దుకునేది నాకు సరిగ్గా రాదేమో. నువ్వు ఎట్ల రుద్దుకుంటాండావు?"

అమ్మకు అప్పటిదాకా ఏమీ తెలియదు. ఆమె చేతిలో పోగు ఆగింది. నా వైపు చూసింది. నేను నోరు తెరవాల్సింది అప్పుడే. తెరవకుండా ల్యాప్‌టాప్‌లోకి తల దూర్చాను.

"రవ్వంత వెచ్చ చేసి రుద్దుకో," అంది అమ్మ.

అమ్మ అబద్ధమాడగా నేనెప్పుడూ వినలేదు. ఆ పూట నా కోసం ఆడింది.

"ఏదీ, ఒగసారి లెయ్, చూద్దాం," అంది అత్త నవ్వుతూ. పాపం, ఆమె ఆశ ఆమెది.

అమ్మ గుంతలోంచి కాళ్లు తీసింది. అలవాటుకొద్దీ చెయ్యి గోడ వైపు పోయి, సగంలో ఆగి, వెనక్కి వచ్చింది. పెదవి కొరికిపట్టి లేచి నిలబడింది. అత్త చూపు అమ్మ మోకాళ్ల మీదే ఉంది, పెదవి చూసింది నేనొక్కణ్ణే.

"నీకు శానా నయమైనాది వదినా," అని అత్త నా వైపు తిరిగింది. "ఇంగో సీసా తెప్పియ్యప్పా నాకు."

"సరే అత్తా," అన్నాను. సిగ్గుతో చచ్చిపోయానని రాస్తే అదీ అబద్ధమే అవుతుంది. చావలేదు సరికదా, కూర్చున్న చోటు నుంచి కదలనైనా లేదు.

అత్త వెళ్లాక ప్రకటన ఆపేశాను. అమ్మ దగ్గరికి పోయి, "ఆపేసినా మా. అత్తకు నిజం నేనే చెప్తా," అన్నాను.

"ఏమని చెప్తావు? మా అమ్మ అబద్ధం చెప్పిందనా?" అంది. ఆ గొంతులో కోపం కూడా లేదు. కోప్పడినా బాగుండేది.

మధ్యాహ్నం పని ఆపి, అమ్మ గుంతలోంచి కాళ్లు తీసి కాసేపు అట్లాగే కూర్చుంది. ఎదురుగా అత్త తన అరుగు మీద బియ్యం చెరుగుతోంది. నేను చెయ్యి అందించాను. అమ్మ పట్టుకోలేదు.

"ముందు ఆ వాకిలి మూసిరా నాయనా," అంది.

వెళ్లి మూశాను. మగ్గం మీద వెలుతురు పోయింది. అప్పుడు అమ్మ రెండు చేతులతో గోడ పట్టుకుని లేచింది.